రంగు, రుచి, వాసన

ఈ ఏడు ఈదుల్ ఫిత్ర్‌కు వచ్చిన ఈదీ డబ్బులన్నింటినీ మా మనవడు ఒక పాత హార్లిక్స్ సీసాలో దాచుకున్నాడు. రెండో తరగతి చదివే బిడ్డ. అల్ హమ్దు లిల్లాహ్, రమజాను నెలలోనే నాజిరా ఖుర్ఆన్ పూర్తి చేశాడు. తండ్రి కువైట్‌లో ఉన్నాడు. "ఖుర్ఆన్ పూర్తి చేసినందుకు నీకేం కావాలి బేటా?" అని అతడు ఫోనులో అడిగితే, సైకిలో గడియారమో అడుగుతాడనుకున్నాం. వాడు "చేపల తొట్టి" అన్నాడు. తొట్టి నేను కొనివ్వాలనీ, చేపలు మాత్రం తన ఈదీ డబ్బులతో తానే కొనుక్కుంటాననీ షరతు కూడా వాడే పెట్టాడు.

మాది పశ్చిమ గోదావరి జిల్లా. భీమవరం చుట్టుపక్కల ఎటు చూసినా చెరువులే, చేపలే, రొయ్యలే. ఇంతటి చేపల సీమలో యాభై ఏళ్ళు దాటిన మనిషికి గాజు తొట్టిలో నాలుగు చేపలను బ్రతికించడం ఒక విద్య అని ఎవరైనా చెబితే నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. షవ్వాల్ మొదటి వారంలో ఒక శనివారం సాయంత్రం తాతామనవళ్ళం దుకాణానికి వెళ్ళాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉన్న తొట్టి, స్పాంజి ఉన్న ఫిల్టరు, ఎయిర్ పంపు, రంగు గులకరాళ్ళు, ఆరు గోల్డ్‌ఫిష్‌లు కొన్నాం. దుకాణదారు చెప్పింది రెండే మాటలు: నీళ్ళు ఒక రోజు పట్టి ఉంచి పోయండి, రోజుకు రెండు పూటలా మేత వేయండి. అరవై లీటర్ల నీళ్ళు పోసి, చేపలను వదిలి, దీపం వెలిగించాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆ రాత్రి వాడు తొట్టి ముందే నిద్రపోతే, ఎత్తుకుని తీసుకెళ్ళి పడుకోబెట్టాను.

మదరసాలలో విద్యా సంవత్సరం షవ్వాల్‌లోనే మొదలవుతుందని పాఠకులకు తెలుసు. ఆ రోజుల్లోనే నేను తరగతిలో ఖుదూరీ గ్రంథం ఆరంభించాను. ఆ గ్రంథం తెరవగానే వచ్చేది కితాబుత్ తహారత్, అంటే పరిశుద్ధతా ప్రకరణం. వుజూ, గుస్ల్ తర్వాత నీళ్ళ అధ్యాయం. ఏ నీరు శుద్ధమైనది, ఏది కాదు, నీటి గుణాలు ఎప్పుడు మారినట్లు లెక్క అనేది అందులోని విషయం. నీటికి గుణాలు మూడు: రంగు, రుచి, వాసన. నీటిలోనే బ్రతికే ప్రాణి, చేప, కప్ప, పీత వంటిది, నీటిలో చనిపోతే ఆ నీరు చెడిపోదన్న మసలా కూడా అక్కడే ఉంది. ఇన్నేళ్ళుగా చెబుతున్న పాఠం. పుస్తకం చూడకుండా చెప్పగలను. ఇంట్లో తొట్టెడు నీళ్ళు పెట్టుకుని, నీళ్ళ అధ్యాయం చెప్పే ఉస్తాదుకు నీళ్ళ గురించి ఇంకొకరు చెప్పవలసింది ఏముంటుందనే ధీమా నాలో ఎక్కడో ఉండే ఉంటుంది.

మంగళవారం నాటికి చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి మూయసాగాయి. ఆకలి అనుకున్నాం. మేత పెంచాం. గురువారం ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చేసరికి రెండు చేపలు పక్కకు ఒరిగి తేలుతున్నాయి. నీళ్ళు వంగి చూశాను. రంగు మారలేదు. వాసన లేదు. గుక్కెడు నోట్లో పోసుకుని చూడలేదు గానీ, చూసినా రుచిలో తేడా తెలిసేది కాదు.

మనవడు నిద్ర లేచి వచ్చి ఎందుకు చనిపోయాయని అడిగాడు. తఖ్దీర్ అన్నాను. వాటి ఆయువు అంతే రాసి ఉంది, అల్లాహ్ నిర్ణయించిన ఘడియ ఒక్క క్షణం ముందుకూ వెనక్కూ జరగదని వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాను. నేను చెప్పిన దాంట్లో అసత్యం ఒక్క ముక్క లేదు. వాడు తల ఊపి, రెండు చేపలనూ పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పూడ్చి వచ్చాడు. ఏడవలేదు.

ఆ సాయంత్రం దుకాణదారును అడిగితే, నీళ్ళన్నీ తీసేసి, రాళ్ళూ స్పాంజీ బాగా కడిగి, కొత్త నీళ్ళు పోయమన్నాడు. ఇషా తర్వాత పనికి దిగాను. రాళ్ళను కుళాయి కింద ధార పెట్టి కడిగాను, స్పాంజి పిండి పిండి తెల్లగా చేశాను. పట్టి ఉంచిన నీళ్ళు లేకపోవడంతో మునిసిపాలిటీ కుళాయి నీళ్ళే నేరుగా పోశాను. శుక్రవారం తెల్లవారేసరికి మూడో చేప చనిపోయి ఉంది. ఈసారి మనవడు ఎందుకని అడగలేదు. మిగిలిన మూడింటినీ చూపించి, "దాదా, వీటికి కూడా అదే రాసి ఉందా?" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాను. మరో నాలుగు రోజులకు మిగిలిన మూడు కూడా పైకి వచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. వాడు తొట్టి వైపు రావడం మానేశాడు. బడి నుండి రాగానే సంచి పడేసి తొట్టి దగ్గరికి పరుగెత్తే పిల్లవాడు, ఆ గది ముందు నుండి తల దించుకుని వెళ్ళడం చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

నా పూర్వ విద్యార్థి ఒకడు రొయ్యల చెరువుల మీద పని చేస్తున్నాడు. నాలుగేళ్ళు మా దగ్గర చదివి, ఇంటి పరిస్థితులు బాగోలేక మధ్యలో మానుకున్నవాడు. వాడి చదువు ఆగిపోయిందని నేను చాలాసార్లు విచారించాను కూడా. వాడికి ఫోను చేశాను. అసర్ తర్వాత వచ్చాడు. తొట్టిని చూసి, "ఉస్తాద్ గారూ, నీళ్ళు ఇంత తెల్లగా ఉంటే మా చెరువుల దగ్గరైతే భయపడతాం" అన్నాడు. జేబులో నుండి చిన్న పెట్టె తీశాడు. చెరువుల నీళ్ళు పరీక్షించే కిట్టు అది. ఆక్వా మందుల దుకాణాలన్నింటిలో దొరుకుతుందట. గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు కొద్దిగా తీసుకుని, చుక్కలు వేసి, కాసేపు ఆగాడు. రంగు లేని నీళ్ళు మెల్లగా పచ్చబడ్డాయి. రంగుల చీటీ పక్కన పెట్టి చూపించాడు. అమ్మోనియా లీటరుకు ఒక మిల్లీగ్రామును దాటింది. అరకు లోపే ఉంచాలి, అసలు లేకపోతే మంచిది అన్నాడు.

అంటే ఆ నీటికి రంగు ఉంది. నా కంటికి కనిపించేలా లేదు, అంతే.

తర్వాత అతడు చెప్పింది, ఆపైన నేను చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను. చేప తన మలినంలో ఎక్కువ భాగాన్ని అమ్మోనియా రూపంలో మొప్పల ద్వారానే నీటిలోకి వదులుతుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అమ్మోనియానే వస్తుంది. నదిలోనో చెరువులోనో అయితే అంతటి నీటిలో అది లెక్కలోకి రాదు. గాజు తొట్టిలో అది పోయే దారి లేదు. చేప తాను విడిచిన విషాన్నే తిరిగి పీలుస్తుంది, మొప్పలు కాలిపోతాయి, నోరు తెరిచి పైకి వస్తుంది. మేము ఆకలి అనుకున్నది అదే. ఆకలి అనుకుని వేసిన మేత మళ్ళీ అమ్మోనియాగా మారింది.

దీనికి అల్లాహ్ ఏర్పాటు చేసిన మార్గం కంటికి కనిపించని సూక్ష్మజీవులు. నైట్రోసోమోనాస్ వంటి ఒక తెగ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. నైట్రోస్పైరా వంటి మరొక తెగ దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల ప్రమాదం చాలా తక్కువ. వారం వారం కొంత నీరు మార్చితే పోతుంది, మొక్కలకు అదే ఎరువు. ఇలాంటి సూక్ష్మజీవులను రష్యా దేశపు శాస్త్రవేత్త సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతంలో వేరు చేసి చూపించాడు. నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఏమంటే, ఇవి ప్రధానంగా నీటిలో ఉండవు. స్పాంజి రంధ్రాలలో, గులకరాళ్ళ మీద, గాజు గోడల మీద పల్చని జిగురు పొరలా అంటుకుని ఉంటాయి. చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కొత్త తొట్టిలో ఇవి చాలినంతగా స్థిరపడడానికి నాలుగు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. నేను గురువారం రాత్రి బిస్మిల్లాహ్ అని మొదలుపెట్టి కుళాయి కింద కడిగి పారేసింది, వారం రోజులుగా అప్పుడప్పుడే మొలకెత్తుతున్న ఆ జీవులనే. వాటి మీద, చేపల మీద క్లోరిన్ నీళ్ళు పోసింది కూడా నేనే.

మనవడికి ఈ సంగతి చెప్పక తప్పలేదు. ఇషా తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, "నేను నీకు తప్పు చెప్పాను" అన్నాను. చేపలు ఎందుకు చనిపోయాయో నాకు తెలియదనీ, తెలియదని చెప్పడానికి బదులు తఖ్దీర్ అన్నాననీ, మూడో చేపనైతే నా చేతులతో నేనే చంపుకున్నట్లయిందనీ చెప్పాను. వాడు కొంతసేపు ఆలోచించి, "అయితే తఖ్దీర్ లేదా?" అన్నాడు.

ముప్పై ఏళ్ళ బోధనలో ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. జవాబు కోసం ఇంత తడుముకున్నది ఆ రోజే. తఖ్దీర్ ఉంది, అల్లాహ్‌కు తెలియకుండా, ఆయన నిర్ణయం లేకుండా ఏదీ జరగదు అన్నాను. కానీ అల్లాహ్ ఏం రాశాడని నన్ను అడగరు, నేనేం చేశానని అడుగుతారు అన్నాను. "మిమ్మల్ని అడుగుతారా?" అన్నాడు వాడు, కళ్ళు పెద్దవి చేసుకుని. "అడుగుతారు" అన్నాను. "ఈ చేపల గురించా?" "ఈ చేపల గురించే."

ఒంటెను కట్టేసి ఆపైన అల్లాహ్ మీద భారం వేయాలన్న ప్రవక్త (స) ఉపదేశాన్ని నేను ఎన్ని జుమా ప్రసంగాలలో వినిపించి ఉంటానో! తాడు కట్టడం రాకపోయినా కట్టానని అనుకోవడం కూడా తవక్కుల్ కాదని ఏ ప్రసంగంలోనూ చెప్పినట్లు గుర్తు లేదు.

ఇంకో హదీసు కూడా ఆ రాత్రి మనసులో మెదిలింది. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోతే బిడ్డ దిగులుగా కూర్చున్నాడు. దైవప్రవక్త (స) ఆ ఇంటికి వచ్చినప్పుడు వాణ్ణి ముద్దుగా కునియతుతో పిలిచి, పిట్ట సంగతి ఏమైందని పలకరించారు. షాఫయీ పండితులు ఇబ్నుల్ ఖాస్ (రహ్మలై) ఈ చిన్న హదీసు నుండి అరవై విషయాలు వెలికి తీశారు. తిండీ నీళ్ళూ చూసుకుంటూ పిల్లలు పక్షిని పెంచుకోవచ్చనేది పండితులు దీని నుండి గ్రహించిన వాటిలో ఒకటి. ఆ జాబితాలో నాకు గుర్తున్న వాటిని తరగతిలో గొప్పగా ఏకరువు పెట్టేవాణ్ణి. దిగులుపడ్డ బిడ్డకు ఆయన (స) ముందుగా ఉపన్యాసం ఇవ్వలేదు, వాడి పిట్ట గురించి వాడినే అడిగారు. నా ముందు నా మనవడు నిలబడ్డప్పుడు నాకు ఆ అరవైలో ఒక్కటీ గుర్తు రాలేదు.

ఇక తొట్టి సంగతి. మా దగ్గర మిగిలింది మూడు చేపలు, చక్రం మొదలు కాని తొట్టి. చేపలను వెనక్కి ఇచ్చేద్దామా అని అడిగితే, దుకాణంలో అవి ఏ నీళ్ళలో పడతాయో తెలియదు కదా అన్నాడు నా విద్యార్థి. ఉన్నచోటే బ్రతికించాలి. అందుకు అతడు చెప్పిన పద్ధతిలో కష్టం లేదు గానీ విరామం కూడా లేదు.

అప్పటికప్పుడు సగం నీళ్ళు మార్చాం. సగం మార్చితే విషం సగానికి తగ్గుతుంది, అంతకంటే తగ్గదు. ఈ లెక్క మనవడికి వెంటనే అర్థమయ్యింది. నాకే కాగితం మీద వేసుకుంటే గానీ తెలియలేదు. మర్నాటి నుండి రోజూ మగ్రిబ్‌కు ముందు పరీక్ష. అమ్మోనియా, నైట్రైట్ ఏదైనా సరే అర మిల్లీగ్రాము చేరితే మూడో వంతు నీళ్ళు తీసి కొత్తవి పోయడం. కొత్త నీళ్ళు ముందు రోజే రెండు డ్రమ్ములలో పట్టి, మూతలు లేకుండా, తొట్టి ఉన్న గదిలోనే ఉంచేవాళ్ళం. క్లోరిన్ ఎగిరిపోతుంది, రెండు నీళ్ళ వేడీ సమానమవుతుంది. అయినా జాగ్రత్త కోసం క్లోరిన్ విరుగుడు చుక్కలు కూడా వేసేవాళ్ళం. తొట్టి అడుగున పేరుకున్న మేత తునకలను పైపుతో పీల్చేయాలి. రాళ్ళు కడగకూడదు. స్పాంజి మూసుకుపోతే తొట్టి నుండి తీసిన నీళ్ళలోనే ముంచి మెల్లగా రెండుసార్లు పిండాలి, కుళాయి కింద పెట్టకూడదు. కొత్త చేప ఒక్కటి కూడా వేయకూడదు. ఎయిర్ పంపు రాత్రింబవళ్ళు తిరగాలి, చేపలకే కాదు, ఆ సూక్ష్మజీవులకూ గాలి కావాలి. మా కుళాయి నీళ్ళ పి.హెచ్. ఎనిమిది దాకా ఉందట. పి.హెచ్. పెరిగినా, నీళ్ళు వేడెక్కినా అమ్మోనియాలో విషపు వాటా పెరుగుతుంది. మాకు రెండూ ఉన్నాయి, పైగా ఎండాకాలం. అందుకే తొట్టిని కిటికీ పక్క నుండి లోపలి గోడకు జరిపాం.

మనవడికి ఒక నోటు పుస్తకం ఇచ్చాను. రోజు, అమ్మోనియా, నైట్రైట్, నీళ్ళు మార్చామా లేదా అని నాలుగు గళ్ళు గీసుకున్నాడు. చుక్కలు లెక్కపెట్టే పని వాడిదే. మొదటి రోజు నా వెనక నిలబడి చూశాడు. మూడో రోజు గొట్టం నా చేతిలో నుండి తీసుకున్నాడు.

అసలు చిక్కు మేత దగ్గర వచ్చింది. రెండు రోజులకు ఒకసారి, ఒక్క నిమిషంలో తినేటంత, అంతకు మించి వద్దన్నాడు నా విద్యార్థి. చేపలేమో మనిషి నీడ పడితే చాలు ముందుకు వచ్చి నోళ్ళు తెరుస్తాయి. మా ఇంటావిడ చూసి చూసి ఒకరోజు నన్ను నిలదీసింది. "పిల్లిని కట్టేసి తిండి పెట్టని స్త్రీ గతి ఏమైందో మీరే కదా ఊరందరికీ చెబుతారు? నోరు లేని జీవాలను రోజు విడిచి రోజు పస్తు పెట్టడానికి ఏ కితాబులో ఉంది?" అంది. తరగతిలో ఇంత పదునైన ఆక్షేపణ వచ్చి చాలా ఏళ్ళయింది. ఆ స్త్రీ పిల్లికి తాను పెట్టలేదు, అది వెతుక్కుని తినడానికి వదలనూ లేదు. ఇక్కడ మనం పెట్టే మేతే విషమవుతోంది, చేప చల్లని నెత్తురు గల ప్రాణి, మనలా పూటపూటకూ తినకపోయినా దాని ఒంటికి హాని లేదు అని వివరించాను. ఆమె పూర్తిగా సమాధానపడలేదు. మేత డబ్బాను మాత్రం తన బీరువాలో పెట్టి తాళం వేసింది. అది నా మీద అపనమ్మకమా, పక్కింటి పిల్లల మీదా అన్నది నేను అడగలేదు.

పన్నెండో రోజుకు అమ్మోనియా దానంతట అది తగ్గడం మొదలైంది. మేము సంబరపడే లోపే రెండో గొట్టం గులాబీ రంగు తిరిగింది. నైట్రైట్ వచ్చింది. ఇది చేప నెత్తురులో కలిసి, ప్రాణవాయువును మోసే శక్తిని పోగొడుతుంది. నెత్తురు గోధుమ రంగుకు మారుతుందట. నీటిలో గాలి ఎంత ఉన్నా చేపకు ఊపిరి ఆడదు. దీనికి చెరువుల వాళ్ళకు తెలిసిన ఉపాయం ఉప్పు. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డు నిలుస్తుంది. లీటరుకు ఒక గ్రాము చొప్పున, అంటే మా తొట్టికి అరవై గ్రాముల కల్లుప్పు, వేరే నీళ్ళలో కరిగించి రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా పోశాం. గోల్డ్‌ఫిష్ దీన్ని సులువుగా తట్టుకుంటుంది. అన్ని చేపలూ ఇలా తట్టుకోవు కనుక ఎవరి చేపల సంగతి వారు ముందు తెలుసుకోవాలి. నీళ్ళు మార్చిన ప్రతిసారీ తీసిన నీళ్ళకు సరిపడా ఉప్పు మాత్రమే మళ్ళీ కలపాలి. ఒకరు జియోలైట్ రాళ్ళు వేస్తే ఒక్క రోజులో తేలిపోతుందని సలహా ఇచ్చారు. నా విద్యార్థి వద్దన్నాడు. అది అమ్మోనియాను పీల్చుకుంటే సూక్ష్మజీవులకు ఆహారం ఉండదు, పైగా ఉప్పు నీళ్ళలో పడితే పీల్చింది తిరిగి వదిలేస్తుంది.

నైట్రైట్ ఎక్కువగా ఉన్న ఆ వారంలోనే ఒక రాత్రి కరెంటు పోయింది. గాలివానకు ఎక్కడో స్తంభం పడిందన్నారు. ఫిల్టరు ఆగింది, పంపు ఆగింది. కొవ్వొత్తి వెలుగులో తొట్టి దగ్గర కూర్చుని, చెంబుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తు నుండి తిరిగి పోస్తూ ఉన్నాను. పది నిమిషాలకు ఒకసారి, ఇరవై చెంబులు. మనవడు నా ఒడిలో తల పెట్టుకుని లెక్కపెట్టాడు, తర్వాత నిద్రపోయాడు. తహజ్జుద్ వేళకు కరెంటు వచ్చింది. పంపు గుడగుడమన్న శబ్దానికి వాడు ఉలిక్కిపడి లేచి, ముందు తొట్టిలోకి చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు. మూడూ ఈదుతున్నాయి.

పందొమ్మిదో రోజున మా మసీదుకు వచ్చే ఒక ముసల్లీ గారు తమ ఇంట్లోని పాత అక్వేరియం ఫిల్టరు నుండి అరచేయంత స్పాంజి ముక్క ఇచ్చారు. రెండేళ్ళుగా నడుస్తున్న తొట్టి, చేపలకు రోగాలు వచ్చిన దాఖలా లేదు. గోధుమరంగు తిరిగి, చూడడానికి రోతగా ఉంది. మొదటి వారంలో అయితే నేను దాన్ని ఇంట్లోకే రానిచ్చేవాణ్ణి కాదు. ఆ తొట్టి నీళ్ళలోనే తడిగా ఉంచి, గంట లోపు తెచ్చి, మా ఫిల్టరులో పెట్టాం. ఇది మొదటి రోజునే దొరికి ఉంటే నెల రోజుల పని బాగా తగ్గేదని నా విద్యార్థి అన్నాడు. చెరువు మట్టి గానీ చెరువు నీళ్ళు గానీ తెచ్చి పోయవద్దని, వాటితో రోగాలు కూడా వస్తాయని హెచ్చరించాడు.

మొదటి పరీక్ష చేసిన నాటి నుండి ముప్పై మూడో రోజున రెండు గొట్టాలూ రంగు మారలేదు. మర్నాడూ లేదు. మూడో నాడూ లేదు. మనవడు పుస్తకంలో వరుసగా సున్నాలు చుట్టి, తండ్రికి ఫోనులో చూపించాడు. కువైట్‌లో ఆ వేళ అతడు పని మీద ఉన్నట్లున్నాడు, వెనక యంత్రాల మోత. "సున్నాలు వస్తే సంతోషమేమిటిరా?" అని నవ్వాడు. వాడు మొదటి నుండి చివరి దాకా చెప్పాడు. మూడో చేప సంగతి కూడా చెప్పాడు. "దాదా పొరపాటు చేశారు, కానీ చెప్పేశారు" అన్నాడు. నేను పక్క గదిలో ఉన్నానని వాడికి తెలియదు.

మన ఇళ్ళల్లో పిల్లలకు చేపల తొట్టి కొనివ్వాలనుకునే వారికి ఒక మాట. నన్నడిగితే చేపలు లేకుండానే మొదలుపెట్టండి. తొట్టి పెట్టి, ఫిల్టరు తిప్పి, రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనిస్తే, లేదా పాత తొట్టి స్పాంజి ముక్క పెడితే, ఆ సూక్ష్మజీవులు ఎవరి ప్రాణాలూ తీయకుండానే పెరుగుతాయి. పిల్లలకు నెల రోజులు ఖాళీ నీళ్ళు చూపించి ఓర్చుకోమనడం కష్టమే. మాలాగా చేపలు ముందే వచ్చేస్తే, తొట్టికి ఒకటి రెండు మించకుండా, కిట్టు చేతిలో ఉంటేనే ఆ పని చేయండి. అంతరతామర వంటి తేలే మొక్కలు నాలుగు వేస్తే అమ్మోనియాను కొంత అవి కూడా పీల్చుకుంటాయి. ఉప్పు వేసే పని పడితే మాత్రం వాటిని ముందే తీసేయాలి. గోల్డ్‌ఫిష్ చూడడానికి చిన్నదే గానీ చాలా మలినం వదులుతుంది, బాగా పెరుగుతుంది. మా అరవై లీటర్లు ఆ మూడింటికి ఎక్కువ కాలం చాలవు. నా విద్యార్థి ఇంటి పెరట్లో పెద్ద సిమెంటు తొట్టి ఉంది. పెరిగాక రెండింటిని అక్కడికి పంపాలని అనుకున్నాం. మనవడు ఇంకా ఒప్పుకోలేదు.

తరగతిలో నీళ్ళ అధ్యాయం ఎప్పుడో ముగిసింది. మా విద్యార్థులకు ఆ మసలా దగ్గర ఒక మాట చేర్చి చెప్పాను. వుజూకు పనికివచ్చే నీరు వేరు, చేప బ్రతకడానికి పనికివచ్చే నీరు వేరు. ఫిఖహ్ మొదటిదాని గురించి చెప్పింది, రెండోదాని గురించి తెలిసినవారిని అడగాలి. వెనక వరుసలో ఒక కుర్రవాడు, "తెలిసినవారంటే ఎవరు ఉస్తాద్?" అన్నాడు. రొయ్యల చెరువుల మీద పని చేసే నా విద్యార్థి పేరు చెప్పాను.

నిన్న పక్కింటి పిల్లవాడు మా తొట్టి ఫిల్టరు మురికిగా ఉందని తీసి, కుళాయి వైపు నడిచాడు. మనవడు లోపలి నుండి పరుగెత్తుకొచ్చి వాడి చెయ్యి పట్టుకున్నాడు. తొట్టి నుండి మగ్గుతో నీళ్ళు తీసి బకెట్టులో పోసి, స్పాంజిని అందులో ముంచి రెండుసార్లు మెల్లగా పిండి, మళ్ళీ దాని చోట పెట్టాడు. బకెట్టులోని నల్లటి నీళ్ళను కరివేపాకు చెట్టు మొదట్లో పోయమని వాడికిచ్చాడు.